ఆటలో అన్యాయము – శిక్షకుని ధర్మము

పాఠశాల మైదానమున బాలికల బాస్కెట్ బాల్ పందెము జరుగుచున్నదనుకొనుడు. బంతి చేతబట్టి బుట్ట వైపునకు దూకిన పిల్లను ఎదుటి పక్షపు పిల్ల మోచేతితో పొడిచినది. పిల్ల నేలబడినది, మోకాలు గీచుకొని పోయినది. తీర్పరి ఈల మ్రోగలేదు. మరి రెండు నిమిషములకు ఆ పిల్లయే బంతి కొరకు చేయి చాచగా, ఎదుటిదానికి తగిలినదో లేదో తెలియకయే ఈల మ్రోగినది. తప్పు ఈమెదే యని తీర్పరి చేయెత్తి చూపెను. గట్టున కూర్చున్న తల్లి కడుపు భగ్గుమన్నది.

ఆ క్షణమున ఆ బాలిక చూపు తల్లివైపు పోదు, తీర్పరివైపు పోదు. తన శిక్షకుని ముఖమువైపు పోవును. ఆ ముఖమున కోపము కనబడినచో ఆమెయు కోపము నేర్చును. నిర్లక్ష్యము కనబడినచో, తన దెబ్బ ఎవరికిని పట్టలేదని తలచును. నిదానము కనబడినచో, లేచి దుమ్ము దులుపుకొని మరల పరుగెత్తును. కనుక తప్పుడు తీర్పు వచ్చినప్పుడు, మొరటు ఆట సాగినప్పుడు శిక్షకుడెట్లు మెలగవలెనన్నది ఆటగాండ్ర కొరకు మాత్రమే కల ప్రశ్న కాదు. బిడ్డలను ఆటలకు పంపు ప్రతి గృహిణియు ఆలోచింపదగినది.

ఇందు మన కొక ప్రత్యేకమైన నష్టము గూడ కలదు. కామారెడ్డి జిల్లాలోని సదాశివనగర్ వంటి మండలములలో మగపిల్లవాడు దెబ్బ తగిలి ఇంటికి వచ్చిన “ఆటలన్న తరువాత తప్పునా” అందురు. ఆడపిల్ల దెబ్బతో, కన్నీటితో వచ్చిన “ఇక ఆటలు చాలు” అందురు. ఒక్క తీర్పరి పొరపాటు, ఒక్క శిక్షకుని తొందరపాటు ఒక బాలిక ఆట నంతటిని ముగింపవచ్చును.

ఈ ఆట పుట్టుకను కొంచెము తెలిసికొన్నచో సంగతి మరింత బోధపడును. 1891వ సంవత్సరము డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున నాలుగు గోడల నడుమ ఆడుకొనదగిన ఆట నొకదానిని కల్పించెను. పీచుపండ్ల బుట్టలను రెండింటిని ఎత్తున బిగించి, అందులో బంతి వేయుటయే గెలుపని నిర్ణయించెను. ఆయన వ్రాసిన నియమములు పదమూడు. భుజముతో త్రోయుట, పట్టుకొనుట, నెట్టుట, కాలడ్డి పడవేయుట, కొట్టుట కూడదని అందు స్పష్టముగా నున్నది. తీర్పరులు కూడ ఇద్దరు: ఒకడు మనుష్యులను చూడవలెను, మరియొకడు బంతిని చూడవలెను. అనగా ఈ ఆట మొరటుతనమును మానుపుటకే పుట్టినది. అయినను మొరటుతనము దానిని వెన్నంటి వచ్చుచునే యున్నది.

మరుసటి సంవత్సరమే, అనగా 1892లో, స్మిత్ స్త్రీల కళాశాలలో వ్యాయామోపాధ్యాయిని యగు సెండా బెరెన్సన్ ఈ ఆటను యువతులకు నేర్పెను. మైదానమును మూడు భాగములు చేసి, ఎవరి భాగమున వారే ఆడవలెనని ఏర్పరచెను. ఎదుటివారి చేతిలోని బంతిని లాగికొనరాదని కట్టడి చేసెను. నేడు ఆ నియమములు లేవు; స్త్రీలును పురుషులవలెనే మైదానమంతయు పరుగెత్తుచున్నారు. 1976 నుండి ఒలింపిక్ క్రీడలలో స్త్రీల బాస్కెట్ బాల్ కలదు. కాని శరీరమునకు హాని లేకుండ ఆడుటకు మార్గము వెదుకుట శిక్షకుల మొదటి పని యని ఆమె నాడే చూపెను.

మన దక్షిణదేశమునకు ఈ ఆటను తెచ్చి నాటినవారిలో వై.యం.సి.ఏ. వారు ముఖ్యులు. హారీ బక్ దొర 1920లో మదరాసున నెలకొల్పిన వ్యాయామ కళాశాలనుండి డ్రిల్లు మాస్టర్లు అనేకులు వెలువడి ఊరూర పాఠశాలలకు పోయిరి.

ఇక తీర్పరి ఏల పొరబడును? మైదానము 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. అందు పదిమంది ఒక్కసారి పరుగెత్తుచు, తిరుగుచు, ఎగురుచుందురు. తగులుట లేకుండ ఈ ఆట లేదు. ఆ తగులుటలో ఏది సహజము, ఏది నేరము అన్నది తీర్పరి రెప్పపాటులో నిర్ణయింపవలెను. తగిలించినవారి వెనుక నిలిచిన తీర్పరికి మోచేయి కనబడదు. మొదట పొడిచినవారిని చూడక, తిరిగి పొడిచినవారిని చూచుట మిక్కిలి తరచు. ఇంటిలో ఇద్దరు పిల్లలు కొట్టుకొన్నప్పుడు రెండవ దెబ్బ కొట్టినవాడే మనకు దొరకుట లేదా? తీర్పరి తప్పులలో ఎక్కువ పాలు ఇట్టివే, పక్షపాతము అరుదు. ఈ భేదము నెరుగని శిక్షకుడు ప్రతి ఈలలోను కుట్ర చూచును.

అట్లు చూచినవారి కథ యొకటి వినుడు. అమెరికాలో బాబ్ నైట్ అను శిక్షకుడు మహా సమర్థుడు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో తన దేశమునకు బంగారు పతకము నార్జించిపెట్టినవాడు. ఆ మరుసటి ఏడు ఫిబ్రవరి 23వ తేదీన ఇండియానా విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షకుడై, పర్డ్యూ జట్టుతో జరిగిన ఆటలో తీర్పరుల ఈలలకు మండిపడి, కూర్చున్న చోటనుండి కుర్చీ నొకదానిని ఎత్తి మైదానమునకు అడ్డముగా విసరెను. ఆయనను బయటికి పంపిరి. జట్టు 72–63 తేడాతో ఓడిపోయెను. తరువాత ఆయన క్షమాపణ చెప్పుకొనెను; ఒక ఆటకు దూరముగా నుంచిరి. ఆయన గెలిపించిన వందలకొలది ఆటలు మరచినవారు సయితము ఆ కుర్చీని మరువలేదు. అదే 1985లో సెండా బెరెన్సన్‌ను బాస్కెట్ బాల్ మహనీయుల మందిరమున చేర్చి గౌరవించిరి. ఒకే సంవత్సరము, ఒకే ఆట, ఎంత భేదము!

కోపము వలన నష్టము ఉత్తమాటగా చెప్పుట కాదు, లెక్కలోనే యున్నది. నేటి అంతర్జాతీయ నియమము ప్రకారము శిక్షకుడు తీర్పరిని అవమానించిన టెక్నికల్ ఫౌలు విధింతురు. ఎదుటివారికి ఒక ఫ్రీత్రో, అనగా అడ్డము లేకుండ బుట్టలో బంతి వేయు అవకాశము, దొరకును. తన ప్రవర్తనచే రెండుసార్లు అట్లు చేసికొన్న శిక్షకుడు మైదానము విడిచి పోవలెను. పిల్లలు దిక్కులేనివారగుదురు. ఆటగత్తె యైదు ఫౌళ్లు చేసిన ఆమెయు ఆ దినమునకు ఆట మానవలెను. తీర్పరిపై కసితో ఎదుటిదానిని త్రోసిన బాలిక ఆ యైదింటిని తానే త్వరగా నింపుకొనును.

మరి తెలివిగల శిక్షకుడేమి చేయును? ఆట మొదటి కొన్ని నిమిషములలోనే ఆనాటి తీర్పరి కొలబద్ద ఎట్టిదో కనిపెట్టును. కొందరు తీర్పరులు చేయి తగిలిననే ఈల వేయుదురు. కొందరు త్రోపిడిని సైతము సాగనిత్తురు. రెంటిని తిట్టుట దండుగ. మొదటివాని యెదుట చేతులు వెనుకకు తీసికొని కాళ్లతో అడ్డగింపుడని, రెండవవాని యెదుట బంతిని రెండు చేతుల గట్టిగా పట్టి, త్వరగా ఒకరినుండి ఒకరికి అందింపుడని పిల్లలకు చెప్పును. ముఖము ఎఱ్ఱబడిన పిల్లను రెండు నిమిషములు బల్లపై కూర్చుండబెట్టి నీళ్లిచ్చును. అది శిక్ష కాదని చెవిలో చెప్పును. ఆట మరీ కట్టుదప్పిన టైమవుట్ అడిగి అందరిని దగ్గరకు తీయును. అప్పుడు తీర్పరి మాట ఎత్తడు. తరువాతి బంతి మాటయే చెప్పును.

తీర్పరితో మాటాడవలసి వచ్చిన ఆట ఆగిన సమయమున, మెల్లగా, ప్రశ్నగా అడుగును. “ఇది ఫౌలెట్లయినది? మా పిల్లలకు దిద్ది చెప్పెదను” అన్నవానికి జవాబు దొరకును. “నీకు కన్నులు లేవా” అన్నవానికి ఫౌలు దొరకును. నియమమునకే భంగము కలిగి, దానివలన జట్టుకు నష్టము వచ్చినదని తోచిన, ఆట ముగిసిన వెంటనే జట్టు నాయకురాలు స్కోరు పత్రముపై సంతకము చేసి అభ్యంతరము తెలుపు మార్గము కలదు. అరచుటకంటె వ్రాయుట బలమైనది.

అయితే సహనమునకు ఒక హద్దు కలదు. లెక్కలో పొరపాటు వేరు, దేహమునకు హాని వేరు. ఈల మ్రోగని ఒక ఫౌలును ఓర్చుకొనవచ్చును. పదే పదే మోచేతులు, వెనుకనుండి త్రోపులు సాగుచుండగా ఊరకుండుట సహనము కాదు, బాధ్యత విడుచుట. అప్పుడు శిక్షకుడు తీర్పరికి స్పష్టముగా చెప్పవలెను. ఎదుటి పక్షపు శిక్షకునితోను మాటాడవలెను. దెబ్బ తగిలిన పిల్లను, గెలుపు చేజారినను సరే, వెంటనే బయటికి తీయవలెను. “నీవును ఒకటి వేయుము” అని మాత్రము ఎన్నడును చెప్పరాదు. తలకు దెబ్బ తగిలిన పిల్లను ఆ దినము మరల ఆడనీయక వైద్యునికి చూపింపవలెను. ఈ ఒక్క విషయమున తల్లులు అడుగుటకు వెనుదీయ నక్కరలేదు.

అన్యాయము నెదిరించియు లాభము లేనప్పుడేమి? 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో పురుషుల తుది ఆట ఇందుకు గొప్ప ఉదాహరణము. అమెరికా 50–49తో ముందుండగా మిగిలినవి మూడు సెకండ్లు. గడియారము విషయమున గందరగోళము కలిగి ఆ మూడు సెకండ్లను మరల మరల ఆడించిరి. చివరకు సోవియట్ జట్టు 51–50తో గెలిచెను. అమెరికా శిక్షకుడు హెన్రీ ఐబా అభ్యంతరము చెప్పెను, కాని జట్టును మైదానమునుండి లేపుకొని పోలేదు. తరువాత ఫిర్యాదు చేయగా ఐదుగురు పెద్దలలో ముగ్గురు కాదనిరి. ఆటగాండ్రు వెండి పతకములను స్వీకరింపలేదు. ఆ తీర్పు నేటికిని మారలేదు.

మన యింటి ఆడపడుచు కథ దీనికంటె మనకు దగ్గర. ఆట వేరైనను న్యాయ మొక్కటే. 2022 ఏప్రిల్ నెలాఖరున మనీలాలో ఆసియా బాడ్మింటన్ పోటీలు జరిగెను. సెమీఫైనలున మన హైదరాబాదు పి.వి. సింధు జపాను దేశపు అకానే యమగూచితో ఆడుచు మొదటి ఆట 21–13తో గెలిచి, రెండవదానిలో 14–11తో ముందుండెను. సర్వీసుకు ఆలస్యము చేయుచున్నదని అంపైరు ఒక పాయింటు కోసి ఎదుటి యామెకిచ్చెను. ఎదుటి యామె ఇంకను సిద్ధముగా లేదని సింధు వాదించెను, ముఖ్య రిఫరీ వచ్చెను, తీర్పు మారలేదు. ఆమె మనస్సు చెదరెను. 19–21, 16–21తో ఓడి కంచు పతకముతో తిరిగి వచ్చెను.

సింధు తండ్రి పి.వి. రమణ, తల్లి విజయ ఇరువురును వాలీబాల్ క్రీడాకారులు. ఓటమిలోని చేదు వారికి క్రొత్త కాదు. మన పక్షమున ఫిర్యాదు వ్రాతమూలకముగా పోయెను. జూలైలో ఆసియా బాడ్మింటన్ సాంకేతిక సంఘాధ్యక్షుడు పొరపాటు జరిగినదని ఒప్పుకొని, ఇక దానిని దిద్దుటకు వీలులేదని, మరల జరుగకుండ చూచెదమని క్షమాపణ లేఖ పంపెను. పోయిన ఆట తిరిగి రాలేదు. కాని తప్పు తప్పని కాగితముపై నిలిచినది. ఆ మరుసటి నెల 8వ తేదీన బర్మింగ్‌హాములో కామన్వెల్తు క్రీడల తుది ఆటలో కెనడా వాసి మిషెల్ లీని 21–15, 21–13తో గెలిచి సింధు బంగారు పతకము తెచ్చెను. క్షమాపణ లేఖకంటె చక్కని జవాబు అదియే.

సదాశివనగర్ ప్రాంతమువారికి ఇంకను సమీపమున మరియొక దృష్టాంతము కలదు. 2016లో కామారెడ్డి వేరు జిల్లా కాకముందు ఈ మండలము నిజామాబాదు జిల్లాలోనిది. ఆ నిజామాబాదు బాలికయే నిఖత్ జరీన్. 2019లో, పోటీ పెట్టకయే మరియొకరిని ఎంపిక చేయనున్నారని తోచి, తనకును న్యాయమైన పరీక్ష కావలెనని ఆమె కేంద్ర క్రీడా మంత్రికి లేఖ వ్రాసెను. పరీక్ష జరిగెను; మేరీ కోమ్ చేతిలో 9–1తో ఓడెను. అడుగుటకును సిగ్గుపడలేదు, ఓడుటకును క్రుంగలేదు. 2022 మే నెలలో ఇస్తాంబులున, మరల 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత యయ్యెను.

సోదరీమణులారా, బిడ్డ ఆటనుండి ఏడ్చుచు వచ్చిన దినమున మనము గూడ ఒక శిక్షకురాలమే. మొదట దెబ్బ చూడుడు, చన్నీటి గుడ్డ పెట్టుడు, కడుపు నింపుడు. తరువాత వినుడు. “ఆ తీర్పరి దుర్మార్గుడు” అని వెంటనే అనవలదు. “నీదే తప్పై యుండును” అని కూడ అనవలదు. మొదటి మాట ఆమెకు సాకు నిచ్చును. రెండవది ఆమె నోరు మూయును. “తరువాత నీవేమి చేసితివి?” అని అడుగుడు. పాఠశాలకు పోయి శిక్షకుని నెమ్మదిగా కలిసికొని, మొరటు ఆట జరిగినప్పుడు పిల్లలనెట్లు కాపాడుచున్నారో తెలిసికొనుడు. మంచి శిక్షకుడు ఆ ప్రశ్నకు సంతోషించును. చికాకుపడువాని విషయమున మనము జాగ్రత్తపడవలెను.

ఆటస్థలమున అందరకును ఈల యొక్కటే. మన బిడ్డలు పెద్దవారై పోవు లోకమున తీర్పరులు ఎందరో: పరీక్షాధికారులు, యజమానులు, అత్తవారు, బంధువులు. వారందరును ఎల్లప్పుడు న్యాయమే పలుకరు. అప్పుడు కుర్చీ విసరక, తల వంచక, చెప్పవలసినది చెప్పి, వ్రాయవలసినది వ్రాసి, మరల బంతి చేతబట్టు నేర్పు పదునాలుగేండ్లకే మైదానమున అలవడినచో, మోకాటి గాయము దానికి పెద్ద వెల కాదు. కావున గాయమునకు మందు వ్రాసి, మరునాటి సాయంత్రము బూట్లు మనమే ఎదుట నుంచుదము.