చిన్న కరెంటు గ్రిడ్లు కలసి పనిచేయు విధానం

"బల్క్ కూలర్ గదిపై సోలార్ పలకలు పెట్టించితే, కరెంటు పోయినా పాలు పాడు కాకుండా ఉంటాయా?" అని తనిఖీకి వెళ్లిన సంఘాలలో సభ్యులు మమ్ములను అడుగుతున్నారు. పలకలు మాత్రమే పెట్టించితే ఉండవు. లైనుకు కలిపిన సాధారణ సోలార్ యూనిట్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైనుపై పనిచేసే సిబ్బందికి ప్రమాదం కలగకుండా ఈ ఏర్పాటు ఉన్నది. పైగా, 4 డిగ్రీలకు చల్లబరచవలసిన సాయంత్రం పాలు పొద్దు వాలిన వేళ వస్తాయి. కావున బ్యాటరీ, లైను లేకపోయినా నడవగల ఇన్వర్టర్ రెండూ కావలెను. ఇవన్నీ ఉండి, అవసరమైనప్పుడు తన కరెంటు తానే సమకూర్చుకొనే చిన్న ఏర్పాటును మైక్రోగ్రిడ్ అంటారు.

మబ్బు పట్టిన రోజున ఒంటరి మైక్రోగ్రిడ్‌కు కష్టం. ఇరుగుపొరుగు మైక్రోగ్రిడ్లను కలిపితే, ఒకచోటి మిగులు మరొకచోటి కొరత తీర్చును. ఇది మనకు కొత్త కాదు. 1970లో ప్రారంభమైన ఆపరేషన్ ఫ్లడ్ కింద ఏర్పడిన జాతీయ పాల గ్రిడ్ సూత్రం ఇదే. వెల్లువ కాలపు పాలను పొడి చేసి కొరత కాలానికి నిల్వ ఉంచినట్లు, ఇక్కడ బ్యాటరీ పనిచేస్తుంది. అయితే కరెంటులో సరఫరా, వాడకం క్షణక్షణం సమానంగా ఉండవలెను.

ఈ లెక్క ఎవరు చూస్తారు? అన్నిటికీ ఒకే కేంద్రం ఆజ్ఞలిస్తే, అది చెడిననాడు అన్నీ ఆగవచ్చు. కావున అదుపును అందరికీ పంచుతారు. మన కరెంటు వేగం సెకనుకు 50 ఆవృత్తులు. వాడకం పెరిగితే, ఎత్తు ఎక్కే ఎద్దుబండి మందగించినట్లు, ఈ వేగం కొద్దిగా తగ్గేటట్లు ఇన్వర్టర్లను అమర్చుతారు. ప్రతి ఇన్వర్టర్ ఆ తగ్గుదలను తనంతట తానే గమనించి, తన శక్తి కొద్దీ భారం ఎత్తుకుంటుంది. ఎవరూ కబురు పంపనక్కరలేదు. తరువాత ప్రతి యూనిట్ తన లెక్కను పక్క యూనిట్ల లెక్కతో మాత్రమే పోల్చి, కొద్దికొద్దిగా సరిచేసుకుంటుంది. ఇట్లు వేగం తిరిగి 50కి చేరుతుంది. బ్యాటరీల నిల్వలూ సమానమవుతాయి. ఒకటి చెడితే దానిని విడదీసి, మిగిలినవి నడుస్తాయి.

బంగ్లాదేశ్‌లో 2015లో సోల్‌షేర్ సంస్థ షరియత్‌పూర్ జిల్లాలో ఇళ్ల సోలార్ బ్యాటరీలను డి.సి. తీగలతో కలిపింది. మిగులు ఉన్న ఇల్లు అమ్మేది, లేని ఇల్లు కొనేది.

సభ్యులు గమనించవలసినది ఒకటున్నది. బ్యాటరీ అడుగంటినప్పుడు ముందు ఏది ఆపవలెనో యంత్రానికి మనమే చెప్పవలెను. కూలరా, వీధి దీపాలా, నీటి మోటారా? కలిసే సంఘాలు దీనిని సర్వసభ్య సమావేశాలలో ముందుగా తీర్మానించుకొనవలెను. లైను లేనప్పుడు కూలర్ ఎన్ని గంటలు నడుస్తుందో సరఫరాదారు నుండి వ్రాతపూర్వకంగా తీసుకొన్న తరువాతే డబ్బు చెల్లించవలెను.