చేతిఫోనులో పాటల కెంత చోటు కావలెను?

క్రొత్త చేతిఫోను కొనుటకు అంగడికి బోయిన గృహిణిని దుకాణదారు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: "అమ్మా, 128 జీబీ చూపమందురా, 256 జీబీ చూపమందురా?" ఆమె తటపటాయించుచుండగనే "పాటలు, ఫోటోలు పెట్టుకొందురు గదా, పెద్దదే తీసికొనుడు" అని తానే యుత్తరమును జెప్పును. వెంట వచ్చిన కుమారుడో కుమార్తెయో "పాటలు ఇప్పుడెవరు దాచుకొందురమ్మా? అన్నియు స్ట్రీమింగులో వచ్చును, చిన్నది చాలును" అనును. వేల రూపాయల తేడా గల వస్తువును ఈ రెండు మాటలనుబట్టి నిర్ణయించుట గృహిణికి తగినది కాదు. రెండింటిలోను సగము సత్యమే కలదు. కావున ఈ విషయమును కొంచెము లెక్కవేసి చూతము.

ముందుగా మాటల యర్థము తెలిసికొనవలెను. ఫోను పెట్టెపై "8+128" అని వ్రాసియుండును. మొదటి యంకె ర్యామును దెలుపును. అది వంటచేయునప్పుడు సామాను పరచుకొను గట్టు వంటిది. రెండవ యంకె స్టోరేజీ. అది కొట్టుగది వంటిది. పాటలు నిలుచునది ఈ కొట్టుగదియందే. స్ట్రీమింగనగా పాటను మన కొట్టుగదిలో నుంచుకొనక, వినదలచినప్పుడెల్ల ఇంటర్నెట్టు ద్వారా బయటినుండి రప్పించుకొనుట. ఏడాది బియ్యమును గాదెలో పోసికొనుటకును, ఏ పూటకా పూట అంగడినుండి తెచ్చుకొనుటకును గల భేదమే యిచ్చటను గలదు.

రికార్డు, రేడియో

ఈ ప్రశ్న మన యిండ్లకు పూర్తిగా క్రొత్తది కాదు. 1902వ సంవత్సరమున కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు గ్రామఫోను రికార్డులకెక్కినవి. ఆ తరువాత పాటను కొని యింట నుంచుకొను నలవాటు మన దేశమున క్రమముగా వ్యాపించెను. నాటి రికార్డు ఒక్కొక్క ప్రక్క సుమారు 3 నిమిషములు మాత్రమే పాడెడిది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైనది. రేడియోలో పాటలెన్నియో వచ్చును, ఒక్కొక్క పాటకు వెల యియ్యనక్కరలేదు. కాని కోరిన పాట కోరిన వేళకు రాదు. రికార్డులో నున్నది ఒక్క పాటయే యైనను అది మనది. ఎన్నిసార్లు వినినను అడ్డుచెప్పువారు లేరు. నేటి స్టోరేజీ ఆ రికార్డునకు వారసురాలు. స్ట్రీమింగు రేడియోకు చెల్లెలు; కోరిన పాటను తక్షణమే యిచ్చును గనుక అక్కకంటె మిన్న. అయినను అక్కకున్న గుణమొకటి దీనికిని గలదు. పాట బయటివారి చేతిలో నుండును గాని మన చేతిలో నుండదు.

ఒక పాట ఎంత చోటు పట్టును?

సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున నిలువచేసిన పాట నిమిషమునకు సుమారు 1 ఎంబీ పట్టును. 320 కిలోబిట్ల మేలిరకమైనచో నిమిషమునకు 2.4 ఎంబీలు. అనగా 5 నిమిషముల పాటకు సాధారణరకములో 5 ఎంబీలు, మేలిరకములో 12 ఎంబీలు కావలెను. 1,000 ఎంబీలు ఒక జీబీ యని లెక్కించినచో, వేయి పాటలకు 5 జీబీలు, ఆ మేలిరకమైనను 12 జీబీలు చాలును. మన యిండ్లలో మరల మరల వినబడు పాటలు, కీర్తనలు, స్తోత్రములు అన్నియు గలిపినను వేయి దాటుట అరుదు. ఫోను స్పీకరులో వినువారికి ఈ రెండు రకముల భేదము తెలియుటయు కష్టమే.

ఇక వెల సంగతి. 2023లో ఐఫోను 15 మన దేశమున విడుదలయైనప్పుడు 128 జీబీలది 79,900 రూపాయలు, 256 జీబీలది 89,900 రూపాయలు. హెచ్చయిన 128 జీబీలకు 10,000 రూపాయలన్నమాట. ఆ చోటునంతయు మేలిరకపు పాటలతో నింపినచో పదివేలకు పైబడి పాటలు పట్టును. వానిని రాత్రింబవళ్లు ఆపకుండ వినినను ముగియుటకు 37 దినములు కావలెను. పాటలకొరకే యింత ధనము పోయుట యుచితమా యని ఎవరికి వారే యాలోచించుకొనవచ్చును.

మరి ఫోనును నింపునదేది? వీడియో. నేటి ఫోనులలో సాధారణపు 1080 రకపు వీడియో నిమిషమునకు 60 ఎంబీలు మొదలుకొని పట్టును. 4కే రకమున సెకనుకు 60 చిత్రముల చొప్పున తీసినచో నిమిషమునకు 400 ఎంబీల వరకు పట్టును. పాప పుట్టినరోజున నొక్క నిమిషము తీసిన అట్టి వీడియో 80 పాటల చోటును మ్రింగును. వాట్సాపులో తమంతట తాము వచ్చి చేరు శుభోదయపు బొమ్మలు, వీడియోలు దీనికి తోడు. "పాటలవలన ఫోను నిండిపోయినది" అని పాటలను దీసివేయువారు చీమలను దులిపి ఏనుగును గదిలోనే యుంచుకొనుచున్నారు. వాట్సాపులో ఆటో డౌన్‌లోడ్‌ను ఆపుట, అక్కరలేని వీడియోలను నెలకొకసారి తీసివేయుట ముందు చేయవలసిన పని.

స్ట్రీమింగు మేలు, దాని ఖర్చు

స్ట్రీమింగు మేలు చిన్నది కాదు. పాతపాట, క్రొత్తపాట, శాస్త్రీయము, సినిమాపాట అన్నియు నొక్క చోట దొరకును. ఎవరో పాడగా విని, ఎన్నడును కొని యెరుగని పాటను అప్పటికప్పుడు వెదకి వినవచ్చును. సంగీతము నేర్చుకొను బాలికకు ఒకే కీర్తనను నలుగురు విద్వాంసులు ఎట్లెట్లు పాడిరో పోల్చి చూచుకొను భాగ్యము దీనివలననే కలిగినది.

దీని ఖర్చు రెండు విధములు. మొదటిది చందా. నెలకు 100 రూపాయలనుకొన్నను, ఒక ఫోనును నాలుగేండ్లు వాడునప్పటికి 4,800 రూపాయలగును. ప్రకటనలతో గూడిన ఉచితసేవ చాలునన్నవారికి ఈ ఖర్చు లేదు; కాని లలితాసహస్రనామము నడుమ సబ్బు ప్రకటన వినుటకు ఓర్పుండవలెను. రెండవది డేటా. దినమునకు 2 గంటలు సాధారణరకమున వినినచో నెలకు సుమారు 3.5 జీబీలు, మేలిరకమున 8.6 జీబీలు ఖర్చగును. దినమునకు 1.5 జీబీల పథకము గలవారికి ఇది బరువు కాదు. కాని యనేకులు పాటను యూట్యూబులో వీడియోగా పెట్టి, ఫోనును బల్లపై నుంచి పని చేసికొనుచుందురు. చూడని బొమ్మకొరకు అనేక రెట్లు డేటా వ్యర్థమగును. వినుటకే యైనచో వినుటకేర్పడిన యాపును వాడవలెను.

నిత్యము వినుదానిని నిత్యము తెప్పించుకొనుట మాత్రము గృహిణికి తగిన పొదుపు కాదు. 20 నిమిషముల సుప్రభాతమును సాధారణరకమున ప్రతిదినము క్రొత్తగా రప్పించుకొన్నచో ఏడాదికి 7 జీబీలు దాటును. ఒక్కసారి నిలువచేసికొన్నచో 20 ఎంబీలతో సరి. విన్న పాటను కొంతకాలము లోలోన దాచుకొను యాపులు కొన్ని కలవు. అయినను తెల్లవారుజామున సిగ్నలు లేని పల్లెలో వానిని నమ్ముకొనరాదు.

అద్దెయిల్లు, సొంతయిల్లు

స్ట్రీమింగు యాపులో "డౌన్‌లోడ్" అని నొక్కినచో పాట మనదైనదని యనేకులు తలంచుచున్నారు. అది సరికాదు. ఉదాహరణమునకు స్పాటిఫైలో నట్లు దించుకొన్న పాటలు నిలిచియుండవలెనన్నచో 30 దినములకొక పర్యాయమైనను ఇంటర్నెట్టుకు కలుపవలెను. చందా ఆగినచో అవి ఫోనులో వినరావు. చోటు మనది, పాట మాత్రము వారిది. అద్దెయింటిలో సామాను సర్దుకొన్నట్లే.

ఆ యింటి యజమానియు శాశ్వతుడు కాడు. గూగుల్ ప్లే మ్యూజిక్ అను సేవ 2020 డిసెంబరునాటికి మూతపడినది. తమ సొంత పాటలను అందులో దాచుకొన్నవారు గడువులోపల వానిని వేరొకచోటికి మార్చుకొనవలసి వచ్చెను. 2023 మార్చిలో ఒప్పందము కుదరక జీ మ్యూజిక్ వారి పాటలు స్పాటిఫైనుండి తొలగిపోయినవి. వినువారు ఏర్చికూర్చుకొన్న పట్టికలలో నడుమనడుమ ఖాళీలు మిగిలినవి. రెస్సో యను సేవ 2024 జనవరితో మన దేశమున ముగిసినది. లక్షలాది పాటలతో పదేండ్లు నడచిన వింక్ మ్యూజిక్ సైతము 2024లోనే మూతపడినది. వీరిని తప్పుపట్టవలసిన పనిలేదు, అది వ్యాపారము. కాని మనకు ప్రాణమువంటి పాటను ఒకరి వ్యాపారముపై ఆధారపరచి యుంచుట మాత్రము వివేకము కాదు.

అట్టి పాటలు ఏ యింటనైనను నూరో రెండునూర్లో యుండును. వానిని ఫైలుగా కొనుక్కొనవచ్చును. యింటనున్న సీడీలనుండి, క్యాసెట్టులనుండి యెక్కించుకొనవచ్చును. క్యాసెట్టు ఎంతసేపు పాడునో ఎక్కించుటకు అంతసేపు పట్టును గాన కొంచెము ఓపిక కావలెను. టేపు ఏటేట క్షీణించునది గనుక ఆలస్యము తగదు. ఉచితముగా నిచ్చెదమను అనామకపు స్థలములనుండి మాత్రము దించుకొనరాదు. అది చట్టవిరుద్ధము, పాటతోబాటు ఫోనునకు కీడు కలిగించు ప్రోగ్రాములును వచ్చి చేరవచ్చును.

ఏ యాపులోను దొరకని పాటలు

సోదరీమణులారా! ఇంతవరకు చెప్పినది ధనమును గూర్చిన లెక్క. ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మీ యత్తగారు పాడు మంగళహారతి, అమ్మమ్మగారి లాలిపాట, మేనత్తకు మాత్రమే పూర్తిగా వచ్చిన అప్పగింతల పాట, మీ వాడలో ముదుసలి యెత్తుకొను బతుకమ్మ పాట, సంక్రాంతి గొబ్బిపాట ఏ స్ట్రీమింగు సేవలో దొరకును? ఆ పేరుగల పాట దొరకవచ్చును. ఆ వరుస, ఆ మాటకట్టు, ఆ కంఠము దొరకవు. ఇంటింటికి మారు ఈ పాటలను స్త్రీలే తరతరములు నోటితో కాపాడిరి. పాడువారు పోయినచో వారితోడనే పోవును. పెండ్లిలో అప్పగింతలవేళ పాటకొరకు అందరును ఒకరి మొగమొకరు చూచుకొని, తుదకు ఫోనులో సినిమాపాట పెట్టుట ఇప్పుడు పలుచోట్ల జరుగుచున్నది.

ఈ పాటలను దాచుటకు పెద్ద స్టోరేజీ యక్కరలేదు. ఫోనులోని వాయిస్ రికార్డరుతో దీసిన గంటసేపటి పాటకు 60 ఎంబీలు చాలును. నూరు గంటల పాటలు 6 జీబీలలో నిముడును. ఫ్యాను ఆపి, ఫోనును పాడువారికి మూరెడు దూరమున నుంచవలెను. పాటకు ముందు పాడువారి పేరు, ఊరు, పాట యే సందర్భమునకు జెందినదో, ఏ సంవత్సరమో మాటలలో చెప్పించినచో మునుముందు వినువారికి సందేహముండదు. మరచిన చరణమును జ్ఞాపకము తెచ్చుకొనుటకు పెద్దలను తొందరపెట్టరాదు. మరునాడు మరల పాడించుకొనవచ్చును. తీసిన ప్రతిని ఫోనులో నొకటి, కంప్యూటరులోనో పెన్‌డ్రైవులోనో మరియొకటి యుంచవలెను. గూగుల్ ఖాతాతో ఉచితముగ వచ్చు 15 జీబీలలో మూడవ ప్రతిని ఉంచుకొన్న మరియు మంచిది. ఫోను నీటిలో పడవచ్చును, దొంగలపాలు కావచ్చును. ఒక్క ప్రతియే యున్న పాట లేనట్టిదే యని తలంపవలెను.

కొనునప్పుడు

పట్టణములో నుండి, సిగ్నలు బాగుగ నందుచు, వీడియోలు కొద్దిగా తీయువారికి 128 జీబీలు చాలును. మిగిలిన సొమ్ములో చందా కట్టుకొనవచ్చును. పిల్లల ఆటపాటలను తరచుగా వీడియో తీసి దాచుకొనువారు 256 జీబీలది తీసికొనుట మేలు. అది పాటలకొరకు గాదు, వీడియోలకొరకు అని యెరిగి తీసికొనవలెను. ఫోనుతో వచ్చు ప్రోగ్రాములే కొంత చోటు ముందుగా ఆక్రమించుననియు, నిండుగా నింపిన ఫోను మందగించుననియు జ్ఞప్తియందుంచుకొని పదియవ వంతైనను ఖాళీగా నుంచవలెను.

పల్లెలో నున్న పెద్దలకు ఫోను కొనిపెట్టువారు మెమరీ కార్డు పట్టు ఫోనును వెదకవలెను. వారికి కావలసిన 500 పాటలు సాధారణరకమున 2.5 జీబీలలో నిముడును. కార్డు తీసి వేరొక ఫోనులో వేసికొనవచ్చును. ఐఫోనులలోను, వెలహెచ్చు ఫోనులు పెక్కింటిలోను కార్డు వేయు చోటు లేదు. కొన్నిటిలో రెండవ సిమ్ముకో కార్డుకో ఒక్కదానికే తావుండును, కొనకముందే విచారింపవలెను. కార్డులలో నకిలీలు విస్తారము గనుక నమ్మకమైన అంగడిలో బిల్లుతో కొనవలెను.

క్రొత్త పాటలను స్ట్రీమింగులో వినుడు. ప్రియమైన పాటలను నిలువచేసికొనుడు. మీ యింటి పాటలను మాత్రము పాడువారు మన మధ్య నుండగనే, ఈ నెలలోనే, ఫోనులో పాడించి యుంచుకొనుడని మనవి.