మీకు తెలుసా? ఆ చప్పుడు ఎవరిది?

వెంగళరావు నగర్‌లో మా పై వాటాలో డాన్స్ క్లాసు నడుస్తుంది. సాయంత్రం ఆరయ్యేసరికి "ఫైవ్... సిక్స్... సెవెన్... ఎయిట్" అని ఓ గొంతు. ఆ వెంటనే మా ఫ్యాను రెక్కల మీది దుమ్ము నా టీ కప్పులో. మొదట్లో ఇంటి ఓనరుతో తాడోపేడో తేల్చుకుందామనుకున్నాను. పోనుపోను చెవి అలవాటుపడి, అడుగుల్ని బట్టి మనుషుల్ని పోల్చుకోవడం మొదలుపెట్టింది. కొత్తవాళ్ల పాదం రోకలిపోటులా మొత్తం ఒకేసారి పడుతుంది. ఆరితేరినవాళ్లదైతే మునివేళ్లు వేరు, మడమ వేరు.

మా వీధి దాటితే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. ఓ పక్క అమీర్‌పేటలో సారథి స్టూడియో, ఇంకో పక్క జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. ఈ చుట్టుపక్కల కాళ్లనే నమ్ముకుని బతికేవాళ్లు ఎందరో. వాళ్లవీ, సముద్రాల అవతల బూటుకి రేకు కొట్టుకుని ఆడినవాళ్లవీ కొన్ని ముచ్చట్లు ఈ వారం.

నాలుగు రేకుల వాద్యం

ట్యాప్ డాన్సర్ బూటు కింద రెండు రేకులుంటాయి. మునివేళ్ల దగ్గర ఒకటి, మడమ దగ్గర ఒకటి. రెండు కాళ్లకూ కలిపి నాలుగు. వాటితోనే డ్రమ్స్ వాయించే మనిషికి దీటుగా దరువు పలికిస్తారు. ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ల జిగ్ ఆటా, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల లయా అమెరికా గడ్డ మీద కలిసి పుట్టిన విద్య ఇది. 1840ల్లో 'మాస్టర్ జూబా'గా పేరు మోగించిన నల్లజాతి కళాకారుడు విలియం హెన్రీ లేన్ దీనికి మూలపురుషుల్లో ఒకడు.

ఆ తర్వాతి తరాల్లో మకుటం లేని మహారాజు బిల్ 'బోజాంగిల్స్' రాబిన్సన్. మెట్లెక్కుతూ దిగుతూ ఒక్కో మెట్టు మీద ఒక్కో నాదం పలికించేవాడు. 1935లో వచ్చిన 'ద లిటిల్ కల్నల్'లో చిన్నారి షర్లీ టెంపుల్ చెయ్యి పట్టుకుని ఆడిన మెట్ల డాన్సు ఇప్పటికీ చూస్తారు. లక్షల డాలర్లు గడించి కూడా 1949లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా కన్నుమూశాడు. అంత్యక్రియలు జరిపించింది మిత్రుడు ఎడ్ సలివన్. బోజాంగిల్స్ పుట్టిన మే 25ని అమెరికా 1989లో ట్యాప్ డాన్స్ దినోత్సవంగా ప్రకటించింది.

పళ్లెం అంచున పది వేళ్లు

మన కూచిపూడికీ ఒక లోహపు రేకు ఉంది. అదే తరంగంలో వాడే ఇత్తడి పళ్లెం. నారాయణ తీర్థుల 'కృష్ణ లీలా తరంగిణి'లోని తరంగాన్ని పాడుతుంటే, నర్తకి పళ్లెం అంచుల మీదికెక్కి ఆడుతుంది. దగ్గర్నుంచి చూస్తే గమ్మత్తు తెలుస్తుంది. కాలి వేళ్లు అంచుని కాకి గోళ్లలా పట్టుకుంటాయి. ఒళ్లు ఒక పక్కకి, మరో పక్కకి ఒరుగుతుంటే పళ్లెం నేల మీద కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతుంది. ఇత్తడి నేలను రాసుకునే కరకర కూడా మృదంగంతో లెక్క కుదరాలి. కొందరైతే దీనికి తోడు తల మీద నీళ్ల చెంబు కూడా పెట్టుకుంటారు. చెంబు తొణక్కూడదు, జతి తప్పకూడదు.

ఇసుక మీద ఒకరు, ముగ్గు మీద ఒకరు

న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో హోవర్డ్ సిమ్స్ అనే ట్యాప్ డాన్సర్ ఉండేవాడు. అందరూ 'శాండ్‌మన్' అనేవాళ్లు. మొదట బూట్లకి గరుకు కాగితం అంటించి ఆడాడు. అది నేలనూ బూట్లనూ తినేస్తోందని చెక్క పలక మీద ఇసుక పోసి, దాని మీద కాళ్లు జార్చి సవ్వడి పుట్టించాడు.

మనవాళ్లు ఇంకో మెట్టు పైకెక్కారు. 'సింహనందిని' నృత్యంలో నేల మీద రంగుపొడి పరిచి, పైన గుడ్డ కప్పుతారు. నర్తకి అడుగులు వేస్తూ పోతుంది. ఆట ముగిశాక గుడ్డ తీస్తే కింద సింహం బొమ్మ! ఈ ఆట నడిచే సింహనందన తాళం ఒక్క ఆవర్తనానికి 128 అక్షరాలు. నూటెనిమిది తాళాల్లోకెల్లా పెద్దది. మనసులో లెక్క, కాలితో గీత, రెండూ ఏకకాలంలో నడవాలి.

గజ్జెకీ రేకుకీ సవాల్ జవాబ్

2004లో అమెరికాలో ఒక నృత్యోత్సవం. కోల్‌కతాలో పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడిన కథక్ గురువు పండిట్ చిత్రేశ్ దాస్‌కి దాదాపు అరవై ఏళ్లు. న్యూయార్క్ ట్యాప్ డాన్సర్ జేసన్ శామ్యూల్స్ స్మిత్‌కి పాతిక కూడా నిండలేదు. ఒకరి అడుగు ఒకరు విన్నారు. అదే 'ఇండియా జాజ్ సూట్స్' ప్రదర్శనగా మారి ఇండియా దాకా తిరిగింది. వేదిక మీద ఓ పక్క తబలా, సితార్. ఇంకో పక్క పియానో, బేస్, డ్రమ్స్. గజ్జె ప్రశ్న వేస్తే రేకు బదులిచ్చేది. చిత్రేశ్ దాస్ 2015లో కన్నుమూశారు. ఇద్దరి స్నేహం మీద 'ఉపజ్' అనే డాక్యుమెంటరీ ఉంది.

చూపంతా పాదాల మీదే

కూచిపూడి కచేరీలో అందరూ నర్తకి మొహం చూస్తారు. ఆవిడ పాదాలనే చూసే మనిషి ఒకరుంటారు, నట్టువాంగం చేసేవాళ్లు. చేతిలో తాళాల జత. సంప్రదాయం ప్రకారం ఒకటి కంచుది, రెండోది ఇనుముది. అందుకే ఆ 'ఠంగ్'మనే పదును. నోట జతులు చెప్పాలి, చేత్తో తాళం వెయ్యాలి. ఆడే పిల్ల అర మాత్ర తొందరపడితే ఆ తప్పు సభకి తెలియకుండా సర్దుకోవాలి. పక్కన మృదంగం, వయొలిన్, వేణువు, గాత్రం.

ఇంతమందికీ సంభావన ఇవ్వాలి కాబట్టి చాలా కార్యక్రమాలు రికార్డు చేసిన పాటతోనే గడిచిపోతున్నాయి. మృదంగం ఉండాల్సిన చోట పెన్‌డ్రైవ్ ఉంటుంది. పెన్‌డ్రైవ్ మాత్రం అర మాత్ర కూడా సర్దుకోదు. వాద్యకారులకు ఇప్పుడు పెద్ద ఆసరా రంగప్రవేశాలు. వేసవి వచ్చిందంటే డల్లాస్, న్యూజెర్సీల్లోని తెలుగు ఇళ్ల ఆడపిల్లల అరంగేట్రాలకు ఇక్కడి నుంచి విమానం ఎక్కేవాళ్లున్నారు. కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర విశ్వవిద్యాలయంలో కూచిపూడి చదువే చెబుతున్నారు. అలా గురువులకూ అక్కడో కొలువు దొరికింది.

మాయాబజార్‌లో కూచిపూడి

కృష్ణా జిల్లా కూచిపూడి నుంచి మద్రాసు బండెక్కినవాళ్లు ఒకరిద్దరు కాదు. వేదాంతం రాఘవయ్య 1939 నాటి 'రైతుబిడ్డ'లో దశావతారాలు ఆడి చూపించారు. తర్వాత మెగాఫోన్ పట్టుకుని 1953లో 'దేవదాసు' తీశారు. ఆ సినిమాని తలుచుకునేవాళ్లలో ఎంతమందికి దాని దర్శకుడు కూచిపూడి భాగవతుడని గుర్తుంటుంది? పసుమర్తి కృష్ణమూర్తి 'పాతాళభైరవి', 'మల్లీశ్వరి', 'మాయాబజార్'లకు నృత్యాలు కూర్చారు. వెంపటి చినసత్యం మద్రాసు చేరి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఊరి భాగవతుల విద్యని లోకమంతటికీ నేర్పారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు 1980లో హైదరాబాద్‌లో అకాడమీ తెరిచారు. ఈ ఊళ్లో గజ్జె కట్టిన ఆడపిల్లల్లో ఆ వరస నుంచి వచ్చినవాళ్లు బోలెడుమంది.

"నాగ్రా!" అంటే ఏమిటి?

షూటింగులో పాట మొదలెట్టాలంటే "నాగ్రా!" అని కేకేస్తారు. స్పీకర్లోంచి పాట వస్తుంది, డాన్సర్లు కదులుతారు. నగారా నుంచి వచ్చిన మాటేమోనని నేనూ అనుకున్నాను. కాదు. పోలండ్‌లో పుట్టి స్విట్జర్లాండ్ చేరిన స్టెఫాన్ కుడెల్స్కీ 1951లో తయారుచేసిన టేపు రికార్డరు పేరది. పోలిష్ భాషలో 'నాగ్రా' అంటే 'రికార్డు చేస్తుంది' అని అర్థం. ఆ టేపు మిషన్లు ఎప్పుడో మూలపడ్డాయి. పాట ల్యాప్‌టాప్‌లోంచే వస్తోంది. పిలుపు మాత్రం పాతదే.

జింజర్ రోజర్స్ కాళ్లు, హెర్మీస్ పాన్ చప్పుడు

పాట ముందే రికార్డయి ఉంటుంది కాబట్టి తెర మీద వినిపించే అడుగు సాధారణంగా ఆ క్షణంలో పడిన అడుగు కాదు. హాలీవుడ్‌లో ఫ్రెడ్ అస్టైర్ అంతటివాడే షూటింగ్ అయ్యాక మైకు ముందు నిలబడి తన ట్యాపులు మళ్లీ కొట్టేవాడు. ఆయన జోడీ జింజర్ రోజర్స్ ట్యాపులు చాలావరకు కొట్టింది ఆవిడ కాదు, డాన్స్ డైరెక్టర్ హెర్మీస్ పాన్! తెర మీద పట్టు గౌను ఊగుతుంటే, వెనక ఓ మగమనిషి బూట్లు టకటకమన్నాయన్నమాట. మన దగ్గరా హీరోయిన్ కాలు కదలగానే ఘల్లుమనే గజ్జె చాలాసార్లు ఎఫెక్ట్స్ గదిలో ఎవరో చేత్తో ఊపినదే.

ఆస్కార్‌లో అటకెక్కిన విభాగం

2023 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' సినిమాలోని 'నాటు నాటు' ఆస్కార్ గెలిచింది. మరి ఆ పాటకి ఊరూవాడా ఊగింది ఎందుకు? కీరవాణి బాణీతో పాటు, 2021 ఆగస్టులో కీవ్‌లోని మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు ఇద్దరు హీరోలు ఒకే మనిషిలా వేసిన ఆ అడుగుల వల్ల కూడా కదా! ఆ అడుగులు కూర్చిన ప్రేమ్ రక్షిత్ మాస్టర్‌కి ఇచ్చేందుకు ఆస్కార్‌లో విభాగమే లేదు. ఒకప్పుడుండేది. 1935, 36, 37 సినిమాలకు, ముచ్చటగా మూడేళ్లు నృత్య దర్శకత్వానికి బహుమతి ఇచ్చి మానేశారు. ఆ చివరి బహుమతి అందుకున్నది ఎవరో కాదు, పైన చెప్పుకున్న హెర్మీస్ పానే. మన జాతీయ పురస్కారాల్లో నృత్యానికి చోటుంది గనక, 'ఆర్ఆర్ఆర్'కి ప్రేమ్ రక్షిత్ అది అందుకున్నారు.

24 వేల స్టెప్పులు

2024 సెప్టెంబర్ 22న గిన్నిస్ వాళ్లు చిరంజీవికి సర్టిఫికెట్ ఇచ్చారు. 156 సినిమాలు, 537 పాటలు, 24,000 స్టెప్పులు. 1978లో ఆయన తొలి సినిమా 'ప్రాణం ఖరీదు' విడుదలైంది కూడా సెప్టెంబర్ 22నే. ఇప్పుడో చిన్న లెక్క వేయండి. హీరో వెనక గ్రూపులో ఇరవై మంది ఉన్నారనుకుంటే, ఆయన ఒక స్టెప్పు వేసినప్పుడల్లా వెనక ఇరవై స్టెప్పులు పడినట్టే. అవి ఏ పుస్తకానికీ ఎక్కవు.

కార్డుంటేనే కాల్

ఆ వెనక వరసలో నిలబడాలంటే ముందు డాన్సర్ల యూనియన్ కార్డు ఉండాలి. తెలుగు సినిమాకి 24 క్రాఫ్ట్స్ అంటారే, వాటిలో డాన్సర్లు, డాన్స్ డైరెక్టర్లది ఒకటి. గ్రూప్ డాన్సర్‌గా చేరి, అసిస్టెంటై, అదృష్టం కలిసొస్తే మాస్టర్ కావడం పాత నిచ్చెన. 2009లో ఈటీవీలో 'ఢీ' డాన్స్ పోటీ మొదలయ్యాక కుర్రాళ్లకి పక్క దారి కూడా దొరికింది. జీతాలుండవు, కాల్షీటు లెక్కే. షూటింగ్ లేని రోజు పొయ్యి మీద పిల్లి. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం పెంపు అడిగి 18 రోజులు సమ్మె చేశారు. చివరికి రోజుకి రెండు వేల లోపు వేతనం వాళ్లకి మూడేళ్లలో 22.5 శాతం పెంచేలా ఒప్పందం కుదిరింది. మోకాలు అరిగేదాకా ఆడినవాళ్లు ఆ తర్వాత చేసే పని ఒకటే, పిల్లలకి నేర్పడం.

ఒంటికాలి తాళం

అమెరికాలో క్లేటన్ బేట్స్‌కి పన్నెండో ఏట పత్తి మిల్లు ప్రమాదంలో ఒక కాలు పోయింది. కొయ్యకాలు తగిలించుకుని ట్యాప్ నేర్చాడు. 'పెగ్ లెగ్ బేట్స్'గా ఎడ్ సలివన్ టీవీ షోలో ఇరవైసార్లకు పైగా ఆడాడు. కొయ్య ఒక శ్రుతి, రేకు ఒక శ్రుతి. ఆ తేడానే తన బాణీ చేసుకున్నాడు.

మన కథ మీకు తెలిసిందే. 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూర్ కాలుతో మళ్లీ గజ్జె కట్టింది. రామోజీరావు నిర్మాణంలో సింగీతం శ్రీనివాసరావు ఆ కథని 'మయూరి'గా తీశారు. కథ ఎవరిదో ఆ అమ్మాయే తెర మీద ఆడింది. జాతీయ పురస్కారాల్లో స్పెషల్ జ్యూరీ అవార్డూ అందుకుంది.

ఇది రాస్తుంటే రాత్రి తొమ్మిదిన్నరయింది. పైన పిల్లలంతా వెళ్లిపోయారు. పాట కూడా ఆపేశారు. ఒక్క జత కాళ్లు మాత్రం ఇంకా కదులుతున్నాయి. మునివేళ్లు, మడమ, మునివేళ్లు, ఆగి మళ్లీ మొదటి నుంచి. రెండేళ్లుగా వింటున్న అడుగు, వెయ్యి అడుగుల్లో ఉన్నా పోల్చుకోగలను. మనిషి పేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు. పదహారు మెట్లే. ఈ కాగితాలు సర్దేసి, వెళ్లి అడిగొస్తాను.