మోకాలి ఎరుక

మా కళాశాల కబడ్డీ జట్టులోని విద్యార్థి ఒకడు మోకాలి ఆపరేషన్ జరిగిన అయిదవ నెలలో మా వద్దకు వచ్చెను. "సార్, నొప్పి లేదు, వాపు లేదు, పరుగెత్తుతున్నాను. జట్టులో నా పేరు వ్రాయించండి" అని కోరెను. అతనిని వరండాలో ఒంటికాలిపై నిలువబడి కన్నులు మూయుమంటిమి. మంచికాలిపై అర నిమిషము నిశ్చలముగా నిలిచినవాడు, ఆపరేషన్ అయిన కాలిపై నాలుగు క్షణములలోనే గోడ పట్టుకొనెను.

మేము ఆశ్చర్యపడలేదు. బ్యాడ్మింటన్ ఆడుచు మోకాలు మెలిపడి, మేమును కొన్ని సంవత్సరముల క్రిందట ఇదే చికిత్స పొందితిమి. కుంటు పోయి, ఇక బాగైనదనుకొన్న రోజులలో ఒక రాత్రి మెట్లు దిగుచుండగా కరెంటు పోయినది. వెలుతురులో చక్కగా నడచిన కాలు చీకటిలో తరువాతి మెట్టు ఎక్కడనో తెలియక తడబడినది. తెలుగు పాఠము చెప్పువారికి ఈ శాస్త్రచర్చ ఏల అని కమిటీ పెద్దలు అనుకొనవచ్చును; మోకాలు మాది కనుక చదువవలసి వచ్చినది.

మోకాలి నడుమ రెండు లిగమెంట్లు గుణకారపు గుర్తువలె ఒకదానినొకటి దాటుచు ఎముకలను బంధించును. వానిలో ముందరిది ఆటలలో తెగుట సాధారణము. దానిని మనము వట్టి త్రాడని తలతుము. కాని అది తంతి కూడ. కీలు ఎంత వంగినది, ఎటు లాగబడుచున్నదను వార్తను దానిలోని నాడీ అంత్యములు వెన్నుపామునకు, చిన్నమెదడునకు పంపును. మనము ఆలోచింపకముందే తొడ కండరములు బిగియును. దేహము తన స్థితిని తానెరుగు ఈ శక్తికి బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ 1906లో ప్రొప్రియోసెప్షన్ అను భావమును ఇచ్చెను. నాడీకణములపై చేసిన కృషికి 1932లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. దీనికి పెద్ద సంస్కృత సమాసములు కట్టవచ్చును గాని, ఎరుక అను మన మాటయే చాలునని మా అభిప్రాయము.

ఆపరేషన్‌లో తొడ వెనుకనుండియో, మోకాటిచిప్ప క్రిందనుండియో స్నాయువు ముక్కను తీసి తెగిన లిగమెంటు స్థానమున అమర్చుదురు. త్రాడు కట్టబడును, తంతి వెంటనే కలియదు. నాడులు నెలల తరబడి, అదియు కొంతవరకే, అందులో తిరిగి మొలచును. ఆ లోటును అంతవరకు కన్ను పూరించుచుండును. అందుచేతనే పగటివేళ లోపము బయటపడదు. కబడ్డీలోనో, చూపు ఎదుటివాని చేతిపై ఉండును గాని తన పాదముపై ఉండదు. వెనుకనుండి ఒకడు నడుము పట్టినప్పుడు మోకాలిని చూచుకొనుటకు వ్యవధి ఎక్కడిది?

వ్యాయామము పోయిన నాడులను మొలిపింపదు. తొడ, పిక్క, అరికాలు పంపు వార్తలను మరింత శ్రద్ధగా వినుటను మెదడునకు అలవరచును. మొదట కుర్చీ వీపు పట్టుకొని ఒంటికాలిపై నిలుచుట. పిమ్మట పట్టు విడిచి. ఆపైన కన్నులు మూసి. తరువాత మడతపెట్టిన బొంతపై. మేము బొంతపై ఊగుచుండగా మా ఇంటి పిల్లలు చప్పట్లు చరచెడివారు. బంతి పట్టుట, మోకాలు లోపలికి వంగకుండ మెట్టుపైనుండి దుముకుట చివరివి. ఎప్పుడేది చేయవలెనో ఫిజియోథెరపిస్టు చెప్పవలసినదే.

నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రకటించిన పరిశీలనలో, తొమ్మిదవ నెల వరకు ఆటకు ఆలస్యము చేసిన ఒక్కొక్క నెలకు మరల గాయపడు ప్రమాదము సుమారు సగము తగ్గినట్లు తేలినది. కనుక ఈ యేడు జట్టు పట్టికలో ఆ విద్యార్థి పేరు లేదు. అతనికి మాపై కొంత కోపము కలదు. అయినను ప్రతి సాయంకాలము వరండాలో బొంత పరచుచున్నాడు. నిన్న కన్నులు మూసి పద్దెనిమిది వరకు లెక్కపెట్టినాడు.