గిజిగాడికి గూడు అల్లడం ఎవరు నేర్పారు?

పొలం బావి మీదికి వంగిన ఈతచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లను చూసి "పుట్టుకతో వచ్చిన విద్య" అంటాం. జీవశాస్త్రం దీన్ని సహజాతం అంటుంది. ఆ మాట చుట్టూ చాలా అపోహలు పేరుకుపోయాయి.

అపోహ: సహజాతమైన పనికి నేర్చుకోవడంతో అవసరం లేదు.

వాస్తవం: గూడు అల్లేది మగ గిజిగాడు. వరి ఆకు నుంచో తాటాకు నుంచో సన్నటి పీచు చీల్చుకొచ్చి, ముక్కుతో ముడులు వేస్తూ ముందు సగం గూడే కడుతుంది. ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతా సగం, కింద గొట్టంలాంటి దారి పూర్తవుతాయి. నచ్చలేదా, ఆ గూడు అలా సగంలోనే మిగిలిపోతుంది. కుర్ర పక్షుల అల్లిక వదులుగా, గజిబిజిగా ఉంటుంది. ఆఫ్రికాలోని గిజిగాడి జాతి పక్షిపై పరిశోధించిన కొలియాస్ దంపతులు కొన్ని పిల్లలను పీచు అందకుండా పెంచారు. పెద్దయ్యాక పీచు ఇస్తే అవి మొదట్లో సరిగా అల్లలేకపోయాయి. అల్లాలన్న తపన పుట్టుకతో వస్తుంది; చేయి తిరగడానికి మాత్రం సాధన కావాలి.

అపోహ: పాము భయం పుట్టుకతోనే ఉంటుంది.

వాస్తవం: ల్యాబ్‌లో పుట్టి పెరిగిన రీసస్ కోతులు పామును చూసి పెద్దగా బెదరలేదు. అడవిలో పెరిగిన కోతి హడలిపోవడం చూశాక అవీ భయపడ్డాయి. 1980లలో సూసన్ మినెకా బృందం చేసిన ఈ ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది తర్వాతి ఘట్టం. కోతి పువ్వును చూసి హడలిపోతున్నట్టు వీడియో కూర్చి చూపిస్తే, ఆ భయం వాటికి అంటలేదు. అంటే భయం పుట్టుకతో రాకపోయినా, పామంటే త్వరగా భయం నేర్చుకునే గుణం వాటికి ఉందన్నమాట.

అపోహ: వేడి గిన్నె తగిలి చేయి లాక్కోవడం సహజాతం.

వాస్తవం: అది అసంకల్పిత ప్రతీకార చర్య. వెన్నుపాము స్థాయిలోనే జరిగిపోతుంది.

అపోహ: సహజాతం దారి తప్పదు.

వాస్తవం: విశాఖ తీరంలో ఇసుక గుంతల నుంచి రాత్రిపూట బయటికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు వెలుగున్న వైపు నడుస్తాయి. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రం మీదే ఉంటుంది. ఇప్పుడు వీధి దీపాలు, హోటళ్ల లైట్లు అంతకంటే ప్రకాశంగా వెలుగుతున్నాయి. పిల్లలు అటు తిరిగి రోడ్డెక్కుతాయి, కుక్కల నోట పడతాయి. పిల్లలు బయటపడే ఆ కొద్ది వారాలు తీరం వైపు లైట్లు ఆర్పినా, ఇసుక మీద వెలుగు పడకుండా కప్పినా అవి సముద్రం చేరతాయి.