ఉద్యోగుల ఎంపికలో, బృంద నాయకత్వంలో మూర్తిమత్వ మాపనం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
- మూర్తిమత్వ శోధికల్లోని ప్రధాన రకాలను గుర్తించగలుగుతారు.
- ఎంపికలో వాటి ఫలితాలు ఎంతవరకు ఉపయోగపడతాయో వివరించగలుగుతారు.
- బృంద నాయకుడు వాటిని ఎలా వాడాలో చెప్పగలుగుతారు.

1. పరిచయం

మీరు ఒక సహకార బ్యాంకులో సిబ్బంది వ్యవహారాలు చూస్తున్నారనుకోండి. క్యాషియర్ పోస్టుకు చివరిదాకా ఇద్దరు అభ్యర్థులు మిగిలారు. ఇద్దరి చేతా ఒక ప్రశ్నావళి నింపించారు. అతడు బహిర్ముఖుడనీ, ఆమె అంతర్ముఖి అనీ ఫలితం వచ్చింది. "నలుగురితో కలవని మనిషి కౌంటరులో ఏం పనికొస్తుంది?" అని మేనేజరు ఆమెను పక్కన పెట్టమన్నారు. మీరేం చేస్తారు? ఒకరి జీవనోపాధి మీ జవాబు మీద ఆధారపడి ఉంది. ఆ ప్రశ్నావళి దేన్ని కొలిచింది, ఆ కొలతకూ ఉద్యోగానికీ ఉన్న సంబంధం ఏమిటి అనే విషయాలు తెలిస్తేనే మీరు సరైన జవాబు చెప్పగలరు.

2. శోధికల్లో రెండు రకాలు

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, యుద్ధపు ఒత్తిడిని తట్టుకోలేని సైనికులను ముందే గుర్తించడానికి అమెరికాలో వుడ్‌వర్త్ ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. ఈ తరహా శోధికల్లో దాన్నే మొదటిదిగా చెబుతారు. నేడు సంస్థల్లో వాడేవాటిని రెండు రకాలుగా చూడవచ్చు.

మొదటి రకం శోధికలు మనుషులను తరగతులుగా విడదీస్తాయి. 1921లో యుంగ్ ప్రచురించిన సిద్ధాంతం ఆధారంగా కేథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మయర్స్ రూపొందించిన సూచిక దీనికి ఉదాహరణ. ఇది అందరినీ 16 తరగతుల్లో ఉంచుతుంది. అయితే చాలామంది మార్కులు రెండు కొసల్లో కాక మధ్యలో ఉంటాయి. అక్కడ ఒకటి రెండు జవాబులు మారినా తరగతి మారిపోతుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్షిస్తే వేరే తరగతి రావడం అరుదు కాదు. ఉద్యోగాల ఎంపికకు దీన్ని వాడరాదని ఈ సూచికను నిర్వహించే సంస్థే చెబుతోంది.

రెండో రకం శోధికలు ఒక్కో లక్షణం ఎంత స్థాయిలో ఉందో కొలుస్తాయి. వీటిలో 'పంచ కారక నమూనా' ముఖ్యమైనది. బాధ్యతాశీలత, బహిర్ముఖత, సర్దుబాటు గుణం, కొత్త అనుభవాల పట్ల సుముఖత, ఉద్వేగ అస్థిరత అనేవి ఇందులోని ఐదు కారకాలు. ఎత్తును సెంటీమీటర్లలో చెప్పినట్టు ఇక్కడ ఒక్కో లక్షణానికి ఒక స్థాయి చెబుతారు. 'పొడుగు', 'పొట్టి' అని ముద్ర వేయరు.

3. ఎంపికలో ఉపయోగం

ఏ శోధికకైనా రెండు గుణాలుండాలి. మళ్లీ పరీక్షించినా ఇంచుమించు అదే ఫలితం రావడం విశ్వసనీయత. దేన్ని కొలవాలో దాన్నే కొలవడం సప్రమాణత.

బారిక్, మౌంట్ 1991లో అనేక పరిశోధనలను కలిపి విశ్లేషించారు. బాధ్యతాశీలతకు అన్ని రకాల వృత్తుల్లోనూ పనితీరుతో సంబంధం కనిపించింది. బహిర్ముఖతకు మేనేజర్లు, అమ్మకాల సిబ్బంది విషయంలో మాత్రమే అలాంటి సంబంధం కనిపించింది. అయితే బాధ్యతాశీలత విషయంలోనూ సహసంబంధ గుణకం సుమారు 0.2 మాత్రమే. దాన్ని వర్గం చేస్తే 0.04 వస్తుంది. అంటే పనితీరులోని తేడాల్లో దాదాపు 4 శాతాన్నే ఈ లక్షణం వివరిస్తుంది. వందలమంది దరఖాస్తుదారులున్నప్పుడు ఈ కొద్దిపాటి సమాచారం కూడా పనికొస్తుంది. కాని ఒక వ్యక్తి భవిష్యత్తును తేల్చడానికి ఇది చాలదు.

మన త్రివిధ దళాల అధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డుల పద్ధతిని గమనించండి. అక్కడ 60 పదాలను ఒక్కొక్కటీ 15 సెకన్లు చూపి, మనసుకు తట్టిన వాక్యం రాయమంటారు. బొమ్మలు చూపి కథలు రాయిస్తారు. అయినా వీటితోనే నిర్ణయం తీసుకోరు. మనస్తత్వ నిపుణుడు, బృంద కార్యాలను పరిశీలించే అధికారి, ఇంటర్వ్యూ చేసే అధికారి వేర్వేరుగా అంచనా వేసి, చివరికి కలిసి కూర్చుని తేలుస్తారు. మీ సంస్థ చిన్నదైనా ఈ సూత్రం వర్తిస్తుంది. ముందు ఉద్యోగానికి అవసరమైన లక్షణాలు రాసుకోండి. అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు అడగండి. వీలైతే పని చేయించి చూడండి.

4. బృంద నాయకత్వంలో ఉపయోగం

జడ్జ్, ఆయన సహచరులు 2002లో చేసిన విశ్లేషణలో నాయకత్వంతో ఎక్కువ సంబంధం బహిర్ముఖతకే కనిపించింది. అయితే ఆ సంబంధం సమర్థ నాయకత్వంతో కంటే, నాయకుడిగా ముందుకు రావడంతోనే బలంగా ఉంది. బాగా మాట్లాడేవారు త్వరగా కంటపడతారు. అంతమాత్రాన వారే బాగా నడిపిస్తారని అనుకోకూడదు.

అందువల్ల శోధిక ఫలితాన్ని సంభాషణకు ఆరంభంగా వాడండి. తక్కువ మాట్లాడే సభ్యులకు సమావేశపు అంశాలను ముందురోజే ఇవ్వండి. వివాదం ఇష్టపడనివారి అభ్యంతరాలను విడిగా అడిగి తెలుసుకోండి. 'నువ్వు ఆ రకం మనిషివి' అని ఎవరితోనూ అనవద్దు. నాయకుడిగా మీ ఫలితాన్ని ముందు మీరే బృందానికి చెబితే మిగిలినవారు కూడా సంకోచం లేకుండా మాట్లాడతారు.

5. జాగ్రత్తలు

- ఉద్యోగం కావాలనుకునే అభ్యర్థి తనను మెరుగ్గా చూపుకుంటూ జవాబులివ్వడం సహజం.
- నివేదిక 'అచ్చం నా గురించే' అనిపించినంత మాత్రాన అది సరైనది కాదు. ఫోరర్ తన విద్యార్థులందరికీ ఒకే వర్ణన ఇచ్చి, అది ఎవరికి వారి ఫలితమని నమ్మించాడు. వారు దానికి 5కు సగటున 4 కంటే ఎక్కువ మార్కులు వేశారు.
- రుగ్మత నిర్ధారణకు ఉద్దేశించిన శోధికలను ఉద్యోగులపై వాడరాదు. అలాంటి ఒక శోధికను పదోన్నతులకు వాడటం వైద్య పరీక్షే అవుతుందని, అది వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని 2005లో అమెరికాలోని ఒక అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది.
- ప్రయోజనం చెప్పి, సమ్మతి తీసుకున్న తర్వాతే పరీక్షించాలి. ఫలితాలను గోప్యంగా ఉంచాలి.

6. సారాంశం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. క్యాషియర్‌కు లెక్కలో కచ్చితత్వం, నిజాయితీ, ఖాతాదారులతో మర్యాద అవసరం. వీటిలో ఏదీ బహిర్ముఖులకే సొంతం కాదు. ఆమెను పక్కన పెట్టడానికి ఆ ఫలితం కారణం కాజాలదు. ఇద్దరి చేతా నోట్లు లెక్కపెట్టించి, పద్దు రాయించి, కోపంగా ఉన్న ఖాతాదారుకు ఎలా జవాబిస్తారో అడిగి అప్పుడు నిర్ణయించండి. శోధిక ఫలితం అడగవలసిన ప్రశ్నను సూచిస్తుంది. తీర్పు చెప్పే బాధ్యత మాత్రం మీదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. విశ్వసనీయతకూ సప్రమాణతకూ తేడా ఏమిటి?
2. సహసంబంధ గుణకం 0.2 ఉన్న శోధికతో మాత్రమే ఒక అభ్యర్థిని తిరస్కరించడం ఎందుకు సరికాదు?
3. మీకు తెలిసిన ఒక ఉద్యోగానికి అవసరమైన మూడు లక్షణాలు రాసి, ఒక్కోదాన్ని ఎలా పరీక్షిస్తారో వివరించండి.