తిరిగొచ్చినవాళ్ల ఊరు అక్రా

ఘనా రాజధాని అక్రాలో జేమ్స్‌టౌన్ అనే పాతపేట ఉంది. ఎరుపు, తెలుపు పట్టీల లైట్‌హౌస్, దాని కింద చేపల పడవలు, పడవల వెనక ఇరుకు వీధులు. ఆ వీధుల్లో ఆడవాళ్లు కెంకే అమ్ముతుంటారు. మొక్కజొన్నను నానబెట్టి, రుబ్బి, పులియబెట్టి, ముద్దలుగా కండె ఆకుల్లో చుట్టి ఉడికిస్తే కెంకే. మన సంగటిముద్దలాగే అదీ పక్కన కారం ఉంటేనే గొంతు దిగుతుంది. వేయించిన చేప, షిటో అనే నల్లటి మిరపకారం దానికి జోడు.

అకాన్ భాషలో ఈ ముద్ద పేరు డొకోనో. అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున జమైకాలో అరటాకులో చుట్టి ఉడికించే ఒక తీపి వంటకం ఉంది. దాని పేరు డుకునూ. కండె ఆకు పోయి అరటాకు వచ్చింది, పులుపు పోయి కొబ్బరీ తీపీ వచ్చాయి. పేరు మాత్రం తల్లి నోట్లో ఉన్నట్టే పిల్లల నోట్లో నిలిచింది.

మనుషుల పేర్లదీ అదే కథ. అకాన్ ఇళ్లలో బిడ్డ ఏ వారం పుడితే ఆ వారాన్ని బట్టి పేరు. శనివారం పుట్టిన మగపిల్లవాడు క్వామే, శుక్రవారమైతే కోఫీ, సోమవారమైతే కోజో. జమైకా కొండల్లో బ్రిటిష్ సైన్యాన్ని ఏళ్ల తరబడి నిలువరించి, 1739లో వాళ్లను సంధికి దిగేలా చేసిన మరూన్ల (బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్ల) నాయకుడి పేరు కడ్జో. కోజోయే కడ్జో అయింది. ఒంటి మీద బట్ట కూడా మిగలనివ్వని బానిస ఓడల ప్రయాణంలో ఈ సోమవారం ఎలా దాటి వెళ్లిందా అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ ప్రయాణం ఎంత పెద్దదో చెప్పే లెక్కలున్నాయి. 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించిన వాళ్లు సుమారు 1 కోటి 25 లక్షల మందని చరిత్రకారుల అంచనా. ప్రాణాలతో దిగినవాళ్లు సుమారు 1 కోటి 7 లక్షలు. వాళ్లలో నేటి అమెరికా గడ్డ మీద నేరుగా దిగినవాళ్లు 4 లక్షలలోపే. బ్రెజిల్‌లో దిగినవాళ్లు అంతకు పదింతలకు పైమాటే. మనకు సినిమాల్లో, వార్తల్లో కనిపించే అమెరికా నల్లజాతి జీవితం ఈ మహావృక్షంలో ఒక కొమ్మ మాత్రమే. బ్రెజిల్ కాందొంబ్లే కొలుపుల్లో యోరుబా దేవతలు పోర్చుగీసు మాట్లాడే భక్తుల మీదికి వస్తారు. హైతీలో ఫ్రెంచి, ఆఫ్రికా భాషలు కలిసి క్రియోల్ అయ్యాయి. ‘నల్లవాళ్లు’ అని ఒక్క మాటలో మూట కట్టేయడం మనకు బాగా అలవాటైన పొరపాటు.

ఈ కొమ్మల్లో కొన్ని తిరిగి వేరు దగ్గరకు వచ్చిన చోటు అక్రా. అలా ముందుగా వచ్చినవాళ్ల జాడ జేమ్స్‌టౌన్‌లోనే ఉంది. 1835 జనవరిలో బ్రెజిల్‌లోని బాహియాలో ఆఫ్రికా ముస్లింలు తిరగబడ్డారు. తిరుగుబాటును నెత్తుటితో అణచివేశాక, స్వేచ్ఛ పొందిన ఆఫ్రికన్లకు కూడా అక్కడ బతుకు దుర్భరమైంది. చాలామంది ఓడలెక్కారు. 1836లో ఒక బృందం అక్రా తీరంలో దిగింది. నేల తాతలదే కానీ ఇక్కడి గా ప్రజల భాష వాళ్లకు రాదు. ఎవరేమడిగినా పోర్చుగీసులో ‘తా బోం’ అనేవారట. బాగుంది, సరే అని అర్థం. ఊరు వాళ్లకు ఆ మాటనే పేరుగా పెట్టింది. తబోంలు అంది.

గా పెద్దలు వాళ్లకు చోటిచ్చారు, భూమి ఇచ్చారు. వాళ్లు ఊరికి కుట్టుపని తెచ్చారు, మంచినీటి బావులు తవ్వారు, తోటలు వేశారు. కాలక్రమంలో గా భాషే వాళ్ల ఇంటిభాష అయింది, పోర్చుగీసు మరుగున పడింది. అయినా రిబేరో, పెరెగ్రినో లాంటి ఇంటిపేర్లు ఉన్నాయి. అగ్బే అనే పాట, ఆట ఉన్నాయి. వాళ్లకొక పెద్ద ఉన్నాడు, గా సంప్రదాయంలో పెద్దరికానికి గుర్తుగా ఆయనకొక పీట ఉంది. ప్రపంచ చాంపియన్ బాక్సర్ అజుమా నెల్సన్ ఈ తబోం వంశంవాడే. పేటలోని బ్రెజిల్ హౌస్ ఇవాళ ఈ కథనంతా చెప్పే చోటు. ఐక్యత మీద ఎన్ని తీర్మానాలు చదివినా, నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఈ ఒక్క వీధి. భూమి ఇచ్చేముందు మీ పాటలు మార్చుకోండి అని ఎవరూ అడగలేదు.

తీర్మానాలకూ ఈ ఊళ్లో కొదవ లేదు. ఆఫ్రికన్లంతా ఒక్కటి కావాలన్న ఆలోచన ఎక్కువగా పెరిగింది ఆఫ్రికా బయటే. 1900లో లండన్‌లో తొలి పాన్ ఆఫ్రికన్ సదస్సు పెట్టింది ట్రినిడాడ్‌కు చెందిన హెన్రీ సిల్వెస్టర్ విలియమ్స్. 1945లో మాంచెస్టర్ మహాసభను నడిపించినవాళ్లలో ట్రినిడాడ్‌వాడే అయిన జార్జ్ పాడ్‌మోర్, ఘనా యువకుడు క్వామే ఎన్‌క్రుమా ఉన్నారు. 1957 మార్చి 6న ఘనా స్వతంత్రమైంది. ఆ వేడుకకు మార్టిన్ లూథర్ కింగ్ భార్యతో సహా వచ్చాడు. మరుసటి ఏడాది డిసెంబరులో అక్రాలో జరిగిన ఆఫ్రికా ప్రజల మహాసభకు కాంగో నుంచి పాట్రిస్ లుముంబా వచ్చాడు. ఏడాదిన్నర తిరిగేసరికి అతను కాంగో ప్రధాని.

ఘనా జెండా మధ్యలోని నల్ల నక్షత్రం జమైకావాడు మార్కస్ గార్వీ నడిపిన బ్లాక్ స్టార్ ఓడల కంపెనీని గుర్తుచేస్తుంది. ఆ కంపెనీ నిలవలేదు. గార్వీ తన జీవితంలో ఆఫ్రికా నేల మీద అడుగు పెట్టలేకపోయాడు. ఆయన నక్షత్రం పెట్టింది. పాడ్‌మోర్ చితాభస్మం ఒకప్పుడు డేన్లు బానిసలను బంధించిన ఒసు కోటలోనే ఉంచారు. అమెరికా మహాపండితుడు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ 1961లో, 93 ఏళ్ల వయసులో, ఆఫ్రికా విజ్ఞాన సర్వస్వం రాయడానికి ఇక్కడికి వచ్చి, 1963 ఆగస్టు 27న ఇక్కడే కన్నుమూశాడు. మర్నాడే వాషింగ్టన్‌లో నల్లజాతి పౌరహక్కుల కోసం ఆ చరిత్రాత్మక ప్రదర్శన. ఆయన ఇల్లు ఇప్పుడు స్మారక కేంద్రం, సమాధి ఆ ఆవరణలోనే ఉంది. పుస్తకం పూర్తి కాలేదు.

ఇదంతా విని అక్రాలో అందరూ అన్నదమ్ముల్లా కలిసిపోయారనుకుంటే సత్యానికి అన్యాయం చేసినట్టే. 1969లో ఇదే ఘనా, కాగితాలు లేని విదేశీయులు రెండు వారాల్లో వెళ్లిపోవాలంది. మూటాముల్లె సర్దుకున్నవాళ్లలో నైజీరియన్లు ఎందరో. 1983లో నైజీరియా వంతు వచ్చింది. లక్షల మంది ఘనా ప్రజలు గళ్ల ప్లాస్టిక్ సంచుల్లో బతుకులు కుక్కుకుని ఇంటిదారి పట్టారు. ఆ సంచిని నైజీరియాలో నేటికీ ‘ఘనా మస్ట్ గో’ అంటారు. ఘనావాళ్లు వెళ్లిపోవాలి అని.

తిరిగొచ్చినవాళ్లకూ గాయాలు తప్పవు. పూర్వీకుల నేల అని కన్నీళ్లతో దిగిన అమెరికా నల్లజాతి మనిషిని వీధిలో పిల్లలు ‘ఒబ్రోనీ’ అని పిలుస్తారు. తెల్లవాళ్లను, పరదేశులను పిలిచే మాట అది. ఇక స్థానికుల బాధ మరొకటి. డాలర్లు తెచ్చేవాళ్లను చూసి ఇళ్ల యజమానులు అద్దె డాలర్లలోనే అడుగుతారు, ఘనా డబ్బు సెడీల్లో జీతం తీసుకునే మాస్టారు ఊరి చివరికి జరగాల్సి వస్తుంది. ఇద్దరి బాధా నిజమే. అయినా తలుపు మూయలేదు. ‘తిరిగిరండి’ అంటూ ఏడాది పొడవునా పిలిచిన 2019లో 126 మందికి, 2024 నవంబరులో ఒకేసారి 524 మందికి ఘనా పౌరసత్వం ఇచ్చింది.

సముద్రం ఒక్కటే కాదు కదా. హిందూ మహాసముద్రం మీదుగా ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో మనం ఏసీ గార్డ్స్ అని పిలిచే పేటలో ఆ రెండక్షరాలు ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువులోకి వెళ్లిన ఆఫ్రికా అశ్వికుల వారసులు అక్కడి సిద్దీలు. పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫాలో వాళ్ల చేతి దెబ్బ ఉంది. వాళ్ల కోసం మాత్రం ఏ ఓడా తిరుగుప్రయాణం కట్టలేదు.

అక్రా నుంచి తీరం వెంట పడమరకు సుమారు 145 కిలోమీటర్లు వెళితే కేప్‌కోస్ట్ కోట. ఓడల్లోకి మనుషులను తోసిన గుమ్మం అక్కడుంది. దాని పేరు ‘తిరిగిరాని ద్వారం’. 1998లో జమైకా నుంచి క్రిస్టల్ అనే స్త్రీ అస్థికలను, అమెరికా నుంచి శామ్యూల్ కార్సన్ అనే పురుషుడి అస్థికలను సముద్రం మీదుగా తెచ్చి, అదే గుమ్మంలోంచి లోపలికి మోసుకొచ్చారు. పూర్వం బందీలకు ఆఖరి స్నానం చేయించిన ఏటి ఒడ్డున, అసిన్ మాన్సోలో ఇద్దరినీ ఖననం చేశారు. ఆ గుమ్మానికి సముద్రం వైపున ఇప్పుడు ‘తిరిగొచ్చే ద్వారం’ అని రాసి ఉంటుంది.